స్పైడర్‌మ్యాన్‌కు వయసెందుకు రాదు?

మొన్న గంగజాతరకు మా అక్క కొడుకు చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. సూపర్‌హీరో సినిమాలన్నీ చూసేసి ఇప్పుడు అసలు పుస్తకాలు చదవాలని పట్టుబట్టాడు. సాయంత్రమంతా ఫోన్లో వెతికి, రాత్రి అన్నాల దగ్గర అడిగాడు.

"మామా, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ ఒకటో నంబరు కోసం చూస్తే ఏడు ఒకటో నంబర్లు ఉండాయి. ఒక కథలో పెండ్లాం ఉంది, ఇంకో కథలో లేదు, మరోదాంట్లో ఇద్దరు బిడ్డలు కూడా ఉండారు. చచ్చిపోయినోళ్లు మళ్లీ వస్తా ఉండారు. యాడ మొదలుపెట్టాల?"

ముప్పై ఏళ్లుగా ఈ బొమ్మల కథలు చదువుతున్నాను. ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. తీరా అడిగినప్పుడు భూమి ఒకటి, భూమి రెండు అని మొదలుపెట్టాను. వాడి అయోమయం ఇంకా పెరిగింది. నాలుగు రోజులు ఆలోచించాక తెలిసింది, నేను కొసను పట్టుకొని లాగాను, ముడి ఇంకా బిగుసుకుంది. ఏడు ఒకటో నంబర్లు, లెక్కలేనన్ని భూములు, చచ్చి బతకడాలు, చెరిగిపోయిన పెళ్లిళ్లు, ఇవి వేర్వేరు చిక్కులు కావు. అన్నింటికీ వేరు ఒక్కటే. ఈ హీరోలకు వయసు రానివ్వరు.

లెక్క చూడండి. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి స్పైడర్‌మ్యాన్ కథను మొదటిసారి అచ్చులోకి తెచ్చింది 1962లో, అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో. అప్పటికి పీటర్ పార్కర్ హైస్కూలు పిల్లవాడు, పదిహేనేళ్లు ఉంటాయి. అంటే 1947లో పుట్టినట్టు. మన చందమామ మొదలైన ఏడు. ఈపాటికి పీటర్ ఎనభైకి దగ్గర పడుతుండాలి. కానీ ఈ నెల సంచికలో కూడా వాడు ముప్పై దాటినట్టు కనిపించడు.

మొదట్లో వయసు సక్రమంగానే వచ్చింది. 1965లో హైస్కూలు ముగించి కాలేజీలో చేరాడు. చదివే పిల్లలు ఒక తరగతి ఎక్కితే వాడూ ఒకటి ఎక్కాడు. ఆ తర్వాత కాలం నెమ్మదించింది. కాలేజీ డిగ్రీ చేతికొచ్చింది 1978లో! 1987లో మేరీ జేన్‌తో పెళ్లయింది. ఆ పైన గడియారం దాదాపు ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో చెప్పడానికి నాకు బేతాళుడి కంటే మంచి ఉదాహరణ దొరకలేదు. మూలంలో బేతాళ కథలు ఇరవై ఐదు. ఆఖరి ప్రశ్నకు విక్రమార్కుడికి జవాబు తట్టదు, నోరు విప్పడు, మౌనం చెడదు, దాంతో కథ ముగింపుకొస్తుంది. చందమామ మాత్రం దశాబ్దాల పాటు నెల నెలా బేతాళ కథ వేస్తూ పోయింది. ఆ ఆఖరి మౌనాన్ని దగ్గరికి రానిస్తే శీర్షికే ఉండదు. అందుకని ప్రతి నెలా రాజు జవాబు చెప్పాలి, బేతాళుడు చెట్టెక్కాలి, పట్టువదలకుండా రాజు మళ్లీ శవాన్ని భుజాన వేసుకోవాలి. చదివేవాళ్లం ఎవరమూ విక్రమార్కుడికి వయసు మీరలేదేమని అడగలేదు. ఎందుకంటే పోయిన నెల కథ ఈ నెల కథలో గుర్తుండదు. కొత్త నెల, కొత్త కథ, పాత చెట్టు.

1938 నుంచి ఇరవై ఏళ్లకు పైగా సూపర్‌మ్యాన్ కథలు కూడా ఇంతే. ప్రతి సంచికా చెట్టు దగ్గర మొదలై చెట్టు దగ్గరే ముగిసేది. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్‌తో స్టాన్ లీ, జాక్ కర్బీ ఈ పద్ధతిని మార్చేశారు. వాళ్లు పనిచేసిన మార్వెల్ కంపెనీ కథల్లో జరిగింది జరిగినట్టు గుర్తుంటుంది. పోయిన నెల తగిలిన దెబ్బకు ఈ నెల కట్టు ఉంటుంది. పీటర్‌కు ఇంటి ఖర్చులకు డబ్బులుండవు, పిన్నికి జబ్బు చేస్తుంది, ప్రేమించిన పిల్లతో మాట పట్టింపులొస్తాయి. పాఠకులు వెర్రిగా ప్రేమించింది దీన్నే. నేనూ దీనికే పడిపోయాను.

చిక్కంతా ఇక్కడే పడింది. జ్ఞాపకం ఉండాలి, మళ్లీ చెట్టు కూడా ఎక్కాలి. ఈ రెండూ ఒక కథలో ఇమడవు. జ్ఞాపకం ఉన్న మనిషికి వయసు వస్తుంది, వయసు వచ్చినవాడు ఒకనాటికి పోవాలి. పోతే వచ్చే నెల సంచిక ఎలా? అరవై ఏళ్లుగా అమెరికా కామిక్స్‌లో కనిపించే విచిత్రాలన్నీ ఈ రెండింటినీ కలిపి కుట్టడానికి వేసిన కుట్లే.

రాసేవాళ్లకు ముగించాలని ఉండదా అని మా వాడు అడిగాడు. ఉంటుంది. కానీ కథ రాసేవాళ్లది కాదు. క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో సూపర్‌మ్యాన్ మీద సర్వహక్కులూ 130 డాలర్లకు రాసిచ్చేశారు. వాళ్ల పాత్రతో కంపెనీ కోట్లు గడిస్తే, 1975 దాకా వాళ్లు పేదరికంలో కొట్టుమిట్టాడారు. ఆ ఏడు సినిమా తీయబోతున్నారన్న వార్త వచ్చాక సీగెల్ పత్రికలకెక్కితే, ఏటా 20,000 డాలర్ల భృతి ఇచ్చి, వాళ్ల పేర్లు మళ్లీ పుస్తకం మీద వేశారు. బ్యాట్‌మ్యాన్‌కు రూపం దిద్దడంలో సగానికి పైగా పాలున్న బిల్ ఫింగర్ పేరు అధికారికంగా పడింది 2015లో. ఆయన పోయిన నలభై ఏళ్లకు. ఈ సంగతులు చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అన్యాయం సంగతి అటుంచినా, ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ముగించే హక్కు కన్నవాళ్లకు లేదు. ఆస్తిగా పెట్టుకున్నవాళ్లకు ముగించాలని ఉండదు.

ఇక వయసును దాచడానికి వేసిన ఎత్తులు చూడండి. నాకు ఈ భాగం చెప్పడమంటే ఇష్టం, ఎందుకంటే వీటిలో కొన్ని నిజంగా అందమైనవి.

కెప్టెన్ అమెరికా 1941 నాటివాడు. మొదటి సంచిక అట్ట మీదే హిట్లర్ దవడ పగలగొట్టాడు. రెండో ప్రపంచ యుద్ధానికి కట్టేసిన మనిషి, ఆ తేదీ నుంచి విప్పడం కుదరదు. 1964లో అవెంజర్స్ నాలుగో సంచికలో అతణ్ని మంచులోంచి బయటికి తీశారు. యుద్ధం చివర్లో సముద్రంలో పడి గడ్డకట్టుకుపోయి ఉన్నాడన్నమాట. అప్పటికి మంచులో ఉన్నది దాదాపు ఇరవై ఏళ్లు. అతను మంచులోంచి లేచిన రోజు మాత్రం ఎప్పుడూ 'కొన్నేళ్ల కిందట' అనే అంటారు. కాబట్టి మనకు ఒక ఏడు గడిస్తే అతను మంచులో ఇంకో ఏడు ఎక్కువ ఉన్నట్టు లెక్క. ఇప్పుడది అరవై దాటింది. ఇందులో గొప్పతనమేమంటే, ఎత్తు పాతబడే కొద్దీ కథ బలపడింది. ఇరవై ఏళ్లకు లేచినవాడికి స్నేహితులు ముసలివాళ్లయి కనిపిస్తారు. అరవై ఏళ్లకు లేచినవాడికి మిగిలింది సమాధులే.

ఐరన్‌మ్యాన్ కథ ఇంత సాఫీగా పోలేదు. 1963లో టోనీ స్టార్క్ గుండెకు గాయమైంది వియత్నాంలో. ఏళ్లు గడిచేకొద్దీ అది పొసగదు కాబట్టి యుద్ధాన్ని మారుస్తూ వచ్చారు. ఒక దశలో అఫ్గానిస్తాన్ అన్నారు. 2019లో మార్వెల్ తన చరిత్రను వరుసగా చెబుతూ ఒక సంపుటి వేసింది. అందులో ఈ బెడద శాశ్వతంగా తప్పించుకోవడానికి సియాంకాంగ్ అనే ఊహా దేశంలో ఒక యుద్ధం జరిగిందని పెట్టి, పాత యుద్ధవీరులందర్నీ అక్కడికి తరలించారు. పటంలో లేని దేశంలో జరిగిన యుద్ధానికి తేదీతో పని లేదు. ఉపాయంగా ఇది పకడ్బందీ. కథగా నాకు నచ్చలేదు. వియత్నాం యుద్ధానికి ఆయుధాలమ్మే అమెరికా వ్యాపారికి అక్కడే బాంబు తగలడంలో ఉన్న పదును, లేని దేశంలో ఉండదు.

ఎక్స్-మెన్ కథల్లోని మాగ్నెటోకు అలా చేయలేరు. అతను నాజీల ఆష్విట్జ్ చావు శిబిరం నుంచి బయటపడ్డ యూదు పిల్లవాడు. దాన్ని తీసేస్తే మనిషే మిగలడు. అదృష్టం కొద్దీ 1974లో ఏదో కథ అవసరానికి అతణ్ని పసిబిడ్డగా మార్చేశారు. తర్వాత మళ్లీ పెద్దవాణ్ని చేసినప్పుడు నడివయసు దగ్గర ఆపారు. ఎప్పుడో అల్లాటప్పాగా రాసిన కథ ఇవాళ పాత్రనే నిలబెడుతోంది.

పీటర్ పార్కర్‌కు వేసిన ఎత్తు మాత్రం నేను ఎప్పటికీ క్షమించను. పెళ్లయిన పీటర్ పెద్దవాడిలా కనిపిస్తాడని, కొత్త పిల్లలకు దూరమవుతాడని మార్వెల్ అప్పటి ముఖ్య సంపాదకుడు జో కెసాడా బాహాటంగానే అనేవాడు. విడాకులిప్పిస్తే ఇంకా పెద్దవాడైపోతాడు. మేరీ జేన్‌ను చంపితే భార్య పోయినవాడవుతాడు. అందుకని 2007లో, మే పిన్నిని బతికించడానికి పీటర్ దంపతులు మెఫిస్టో అనే పిశాచాధిపతితో ఒప్పందం చేసుకున్నట్టు రాశారు. ఆమె ప్రాణానికి బదులు తమ పెళ్లి లోకం జ్ఞాపకంలోంచి చెరిగిపోవాలి. ఇరవై ఏళ్ల కాపురం ఒక్క రాత్రిలో జరగనిదైపోయింది. వయసు రావడమంటే ఏమిటో, పోగొట్టుకున్నదాన్ని మోయడమంటే ఏమిటో నలభై అయిదేళ్లుగా నేర్పిన పాత్ర చేత, మోయనని తప్పించుకునే పని చేయించారు. మా వాడు అడిగిన 'ఒక కథలో పెండ్లాం ఉంది, ఇంకో కథలో లేదు' అన్నదానికి జవాబు ఇదే.

మార్వెల్ తేదీలు చెరుపుతుంది కానీ పలక తుడవదు. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కథలు వేసే డీసీ కామిక్స్ పలకనే తుడిచేస్తుంది. భూముల గొడవ ప్రధానంగా వాళ్లదే.

1956లో ఫ్లాష్ అనే పాత్రకు కొత్త మనిషిని పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. 1940ల నాటి పాత ఫ్లాష్ ఏమైనట్టు? 1961లో గార్డనర్ ఫాక్స్ ఒక కథ రాశాడు. పాత ఫ్లాష్ ఇంకో భూమి మీద ఉన్నాడు, అక్కడివాళ్లకు వయసు వచ్చింది, ఇద్దరు ఫ్లాష్‌లూ కలుసుకున్నారు. ఎంత చక్కటి ఊహ! వయసు రావలసినవాళ్లందర్నీ ఒక భూమికి, రాకూడని వాళ్లను ఇంకో భూమికి పంపేశారు. చిక్కు తీరిపోవాలి. కానీ తరువాతి రచయితలు అవసరమైనప్పుడల్లా ఇంకో భూమి పుట్టించారు. కొత్తగా చదివేవాళ్లకు తలాతోకా తెలియడం లేదని 1985లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్‌లతో క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్ అని పన్నెండు సంచికల ప్రళయం నడిపి, అన్ని భూముల్నీ ఒకటి చేశారు. సూపర్‌గర్ల్ అందులోనే చనిపోయింది, ఆ కొత్త ఫ్లాష్ కూడా. 1986లో జాన్ బర్న్ సూపర్‌మ్యాన్ కథను పుట్టుక నుంచి మళ్లీ రాశాడు.

అది అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 1994లో మళ్లీ సవరణ, 2005లో మళ్లీ, 2011లో మొత్తం తుడిచి 52 పుస్తకాలు ఒకటో నంబరుతో, 2016లో పాతవి కొన్ని వెనక్కి. వీటన్నింటి వివరాలూ నేను చెప్పగలను. చెప్పను, ఎందుకంటే చదవడానికి అవి అక్కర్లేదు. ఆ సంగతి నాకు అర్థం కావడానికి పదేళ్లు పట్టింది, అదీ తిరుపతి వీధిలో.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకొక వేషం. బైరాగి వేషం నాడు ఒళ్లంతా తెల్లగా నామంకొమ్ము, బండ వేషానికి ఎర్రటి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు నలుపు, దొర వేషానికి గంధం. దాక్కున్న పాలెగాణ్ని బయటికి రప్పించడానికి అమ్మ ఇన్ని రూపాలు మార్చింది. మా వీధి పిల్లలు వారమంతా ఇవే రంగులు పూసుకొని తిరుగుతారు. ఇందులో అసలు గంగమ్మ ఏది అని తిరుపతిలో ఎవరూ అడగరు. 1938 సూపర్‌మ్యాన్, 1986 సూపర్‌మ్యాన్, 2011 సూపర్‌మ్యాన్ ఇలాంటి వేషాలే. ఏది అసలుదని అమెరికాలో అభిమానులు కొట్టుకుంటారు. నేనూ కొన్నాళ్లు ఆ లెక్కలు వేశాను. మానేశాక కథలు బాగా కనిపించాయి.

పైగా 'అసలు' అనుకునేవి చాలావరకు తర్వాత చేరినవే. 1938లో సూపర్‌మ్యాన్ ఎగరలేడు, ఫర్లాంగు దూరం దూకుతాడంతే. అతణ్ని నీరసపరిచే క్రిప్టోనైట్ 1943లో రేడియో నాటకంలోంచి వచ్చింది. 'గొప్ప శక్తితో పాటు గొప్ప బాధ్యత' అన్న మాట బెన్ బాబాయి చెప్పాడని అందరూ అంటారు. 1962 నాటి మూలంలో ఆయన ఆ మాట అనడు. చివరి బొమ్మలో కథకుడి వ్యాఖ్యగా ఉంటుంది. వాల్మీకంలో లేని లక్ష్మణరేఖ మనందరి రామాయణంలోనూ ఉన్నట్టు. ఆ గీత లేదని ఎవరైనా అంటే మనసొప్పదు కదా, అచ్చంగా అలాగే.

చావుల సంగతికి వస్తాను.

నేను చూసిన మొదటి కామిక్స్ చావు పీటర్ ప్రేమించిన పిల్ల గ్వెన్ స్టేసీది. తొంభైలలో గోవిందరాజస్వామి గుడి దగ్గర్లో రోడ్డు పక్కన పరిచిన పాత పుస్తకాల్లో దొరికింది, అట్ట చిరిగిపోయిన పునర్ముద్రణ ప్రతి. అంతకుముందు నాకు తెలిసిన బొమ్మల కథలు మా పెద్దమామ చిత్తూరులో దాచుకున్న ముత్తు కామిక్స్ మాత్రమే. శివకాశిలో అచ్చయ్యే ఆ తమిళ పుస్తకాల్లో ఇనుప చెయ్యి మాయావి అంటే మా ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ప్రాణం. మాయావి కథలో ముఖ్యమైనవాళ్లు ఎవరూ చావరు. అందుకని ఈ పుస్తకంలో ఏం జరగబోతోందో నాకు అంచనా లేదు.

అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121వ సంచిక, 1973. రచన జెరీ కాన్వే, బొమ్మలు గిల్ కేన్. గ్రీన్ గాబ్లిన్ గ్వెన్‌ను వంతెన మీద నుంచి తోసేస్తాడు. మాటల్లో జార్జ్ వాషింగ్టన్ వంతెన అని ఉంటుంది, గీసింది బ్రూక్లిన్ వంతెన. స్పైడర్‌మ్యాన్ పైనుంచి సాలెదారం వదులుతాడు. ఆమె తలకిందులుగా పడిపోతుంటే దారం కాళ్లను పట్టుకుంటుంది. పట్టుకున్నాడు! అదే బొమ్మలో ఆమె మెడ పక్కన, పట్టి చూస్తే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో 'స్నాప్' అని ఒక చప్పుడు. ఆ చప్పుడు ఎవరూ వినలేదు, చదివేవాడు తప్ప. పీటర్ ఆమెను పైకి లాగుతూ తన తెలివిని తానే మెచ్చుకుంటున్నాడు. చేతుల్లోకి తీసుకున్నాక తెలుస్తుంది. కొన్ని నెలలకు 125వ సంచిక ఉత్తరాల పేజీలో సంపాదకులు ఒప్పుకున్నారు, ఉన్నట్టుండి ఆగిన ఊపుకు మెడ విరిగిందని. కాపాడబోయిన దారమే చంపింది.

తరువాతి సంచిక నా దగ్గర లేదు. ఆమె బతుకుతుందేమోనని ఏళ్ల తరబడి అనుకున్నాను. ఆ గ్వెన్ దశాబ్దాల పాటు తిరిగి రాలేదు. ఆమె పోలికతో క్లోన్లొచ్చారు, వేరే భూమి నుంచి ఇంకో గ్వెన్ వచ్చింది, ఈమె మాత్రం అన్నేళ్లూ రాలేదు.

ఆ కథకు ఒక చెడు వారసత్వం కూడా ఉంది. హీరోకు దుఃఖం కలిగించడానికి ఆడపాత్రను చంపడం ఆ తర్వాత అలవాటుగా మారిపోయింది. 1999లో గెయిల్ సిమోన్ అలాంటి పాత్రల జాబితా తయారుచేసి పెడితే ఎంత పొడవొచ్చిందో! ఆవిడే తర్వాత పేరున్న కామిక్స్ రచయిత్రి అయింది.

గ్వెన్ చావుకు ఆధారం కథలో ఉంది. తర్వాతి పెద్ద చావులకు ఆధారం అంగట్లో ఉంది. 1988లో బ్యాట్‌మ్యాన్ సహచరుడు రెండో రాబిన్, జేసన్ టాడ్, బతకాలా చావాలా అని డీసీ పాఠకుల చేత ఫోన్లో ఓట్లు వేయించింది. ఫోన్ చేసినందుకు అర డాలరు. రెండు ముగింపులూ గీసి పెట్టుకున్నారు. చావమని 5,343, బతకమని 5,271. డెబ్బై రెండు ఓట్ల తేడాతో పిల్లవాడు పోయాడు. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్‌ను చంపి, నల్ల సంచిలో సీలు వేసి, చేతికి కట్టుకునే నల్లపట్టీతో సహా అమ్మారు. లక్షల మంది వరుసల్లో నిలబడి కొన్నారు. మరుసటి ఏడే లేచొచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన కెప్టెన్ అమెరికా సహచరుడు బకీ, ఓట్లతో పోయిన జేసన్, ఇద్దరూ 2005లో తిరిగొచ్చారు. ఒక్క బెన్ బాబాయికి మాత్రం మోక్షం దక్కింది.

'చచ్చినా మళ్లీ వస్తారు కదా, ఏడవడం ఎందుకు' అన్నాడు మా వాడు. వాడికి మా అమ్మమ్మ ఊరి భారతం గుర్తుచేశాను. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎండాకాలం ద్రౌపదమ్మ గుళ్ల ముందర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రికి నాటకం. ఆఖరి రోజు పొద్దున మైదానంలో మట్టితో పోసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ, సాయంత్రం అగ్నిగుండం. అభిమన్యుడు పడిపోయే రాత్రి మా అమ్మమ్మ ప్రతి ఏడూ ఏడ్చేది. ఆ వేషగాడు తెల్లారి టీ అంగడి దగ్గర కూర్చొని ఉంటాడని ఆమెకు తెలుసు, వచ్చే ఏడు మళ్లీ వేషం కడతాడని కూడా తెలుసు. ఒక ఏడు ఆమెకు ఏడుపు రాలేదు. ఎందుకని అడిగితే, "వాడు పద్యం తొందర తొందరగా ముగించినాడు రా" అంది.

నేను కామిక్స్ చావుల్ని కొలిచేది అమ్మమ్మ కొలతతోనే. తిరిగొచ్చాడా లేదా అని కాదు, పద్యం నిలబెట్టి పాడారా అని. బకీ తిరిగి రావడం నాకు అభ్యంతరం కాదు. ఎడ్ బ్రూబేకర్ ఆ కథ రాసిన తీరుకు చావు కన్నా రాకే ఎక్కువ బాధ పెట్టింది. సూపర్‌మ్యాన్ నల్ల సంచి కథలో మాత్రం నాకు సంచే గుర్తుంది.

అయితే భారతానికీ కామిక్స్‌కూ ఒక తేడా ఉంది. భారతానికి పద్దెనిమిదో రోజు ఉంది.

పాత కామిక్స్ మేలా, కొత్తవి మేలా అని ఎప్పుడూ ఒక వాదన నడుస్తుంటుంది. స్పైడర్‌మ్యాన్ పుట్టుక కథ 1962లో పదకొండు పేజీలు. సాలీడు కుట్టడం, శక్తులు రావడం, గర్వం, దొంగను వదిలేయడం, బాబాయి చావు, పశ్చాత్తాపం, అన్నీ ఆ పదకొండింటిలోనే. 2000లో బ్రయన్ మైకేల్ బెండిస్, మార్క్ బాగ్లీ అదే కథను అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్‌లో ఏడు సంచికలు చెప్పారు. పాతవాళ్లు దీన్ని సాగదీత అన్నారు. నేను అనను. ఆ ఏడు సంచికల్లో బెన్ బాబాయి మనకు సొంత మనిషవుతాడు, అందుకే పోయినప్పుడు దెబ్బ తగులుతుంది. పాత కథలో ఆయన రెండు మూడు బొమ్మల మనిషే. కానీ అందరికీ ఆ నేర్పు ఉండదు. ఇప్పటి చాలా సంచికలు ఇరవై పేజీలు, నాలుగైదు డాలర్లు, పావుగంట కూడా పట్టకుండా అయిపోతాయి. ఆరు సంచికలు కలిపి పుస్తకంగా వేయాలి కాబట్టి, రెండు సంచికల కథను ఆరుకు పలచన చేస్తారు. పాత కథల జబ్బు వేరు. బొమ్మలో మనిషి గోడ దూకుతుంటే పైన 'అదిగో గోడ దూకాడు' అని రాసి ఉంటుంది, దూకేవాడు కూడా 'నేను గోడ దూకాలి' అంటాడు.

మధ్యలో 2005లో మొదలైన ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్ అని పన్నెండు సంచికల కథ ఉంది. గ్రాంట్ మారిసన్ రాస్తే ఫ్రాంక్ క్వైట్లీ గీశాడు. పుట్టుక కథ మొత్తం మొదటి పేజీలో నాలుగు బొమ్మలు, ఎనిమిది మాటలు. అంతే. సూపర్‌మ్యాన్ చనిపోబోతున్నాడని మొదట్లోనే తెలిసిపోతుంది, మిగతాదంతా అతను ఉన్న కొద్దిరోజుల్లో పనులు చక్కబెట్టుకోవడం. పదో సంచికలో ఒక పిల్ల మేడ అంచున నిలబడి దూకబోతుంది. లోకాన్ని కాపాడే పనులు వంద ఉన్న మనిషి వచ్చి ఆమె వెనక నిలబడతాడు, రెండు మాటలు చెబుతాడు, దగ్గరికి తీసుకుంటాడు. ఒకే పేజీ. సూపర్‌మ్యాన్ అంటే నాకు ఆ పేజీయే.

నేను గమనించిందేమంటే, నాకు గుండెకు హత్తుకున్న సూపర్‌హీరో కథలన్నిటికీ ముగింపు ఉంది. వాచ్‌మెన్ పన్నెండు సంచికలు, డార్క్ నైట్ రిటర్న్స్ నాలుగు. రెండోదానిలో బ్యాట్‌మ్యాన్‌కు యాభై అయిదేళ్లు, ఒళ్లు సహకరించదు. ఎప్పుడైతే హీరోకు వయసు రానిచ్చారో అప్పుడే కథ లేచి నిలబడింది.

ఏడు ఒకటో నంబర్ల ముడి ఇంకా మిగిలింది. 1963, 1999, 2014, 2015, 2018, 2022, 2025. ఇది కేవలం అమ్మకాల సంగతి. ఒకప్పుడు వీధి అంగళ్లలో కామిక్స్ అమ్ముడుపోకపోతే వెనక్కిచ్చేవారు. తర్వాత అమ్మకం ప్రత్యేకమైన కామిక్స్ షాపుల చేతికి వెళ్లింది. వాళ్లు కొన్నది వెనక్కివ్వలేరు, కాబట్టి ఆచితూచి కొంటారు. ఒకటో నంబరంటే మాత్రం ధైర్యంగా ఎక్కువ ప్రతులు తెప్పిస్తారు. 1991లో ఎక్స్-మెన్ ఒకటో నంబరు 80 లక్షల ప్రతులు పోయింది, ఒకే సంచికకు అయిదు అట్టలు వేసి. అందులో చాలా భాగం రేటు పెరుగుతుందని దాచుకున్నవే. అందరూ దాచుకున్నదానికి రేటు పెరగదు. ఆ గాలిబుడగ పగిలి 1996 చివర్లో మార్వెల్ దివాలా తీసింది. అయినా ఆ అలవాటు పోలేదు. నంబర్లు చూసి కొనవద్దు. రాసినవాళ్లూ గీసినవాళ్లూ ఎవరో చూసి, వాళ్లు మొదలుపెట్టిన చోట మొదలుపెట్టి, వదిలేసిన చోట వదిలేయాలి. డిట్కో గీసిన తొలి ముప్పై ఎనిమిది స్పైడర్‌మ్యాన్ సంచికలు ఒక పుస్తకం. 1975 నుంచి 1991 దాకా క్రిస్ క్లేర్‌మాంట్ రాసిన ఎక్స్-మెన్ ఒక మహాగ్రంథం. మిగతా అటూ ఇటూ ఏముందో తెలియకపోయినా నష్టం లేదు.

మా వాడు చెప్పిన ఇద్దరు బిడ్డల స్పైడర్‌మ్యాన్ 2024 జనవరిలో మొదలైంది. రచన జొనథన్ హిక్‌మన్, బొమ్మలు మార్కో కెకెట్టో. ఈ అల్టిమేట్ లోకంలో పీటర్‌కు చిన్నప్పుడు సాలీడు కుట్టలేదు. ముప్పై దాటాక, పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక శక్తులొస్తాయి. మొదటి సంచికలో దాదాపు పోరాటమే లేదు. గడ్డం పెంచిన ఒక సంసారి, ఏదో వెలితి, దాన్ని మేరీ జేన్ కనిపెట్టడం. 2007లో లాక్కున్నదాన్ని పదహారేళ్ల తర్వాత చేతిలో పెట్టినట్టనిపించింది నాకు. ఇంకో సంగతి, ఆ లోకంలో సంచికకూ సంచికకూ మధ్య మనకు గడిచినట్టే నెల గడుస్తుంది. ప్రధాన విలన్ తన నగరంలో బందీగా ఉంటాడు, గడువు తీరాక బయటికొస్తాడు. గడియారం ఆడుతోంది, అందరికీ తెలుసు. అరవై ఏళ్లుగా దాచిన వయసును బాహాటంగా కథలో పెట్టారు.

డీసీ కూడా 2024 అక్టోబరులో అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్‌ను మొదలుపెట్టింది. స్కాట్ స్నైడర్ రాస్తున్నాడు, నిక్ డ్రగోటా గీస్తున్నాడు. ఇందులో బ్యాట్‌మ్యాన్ అయ్యే బ్రూస్ వేన్‌కు మేడ లేదు, ఆస్తి లేదు, పనిచేసుకు బతికే ఇంటి పిల్లవాడు, అమ్మ బతికే ఉంది. గుండె మీద గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి అవుతుంది. డబ్బు లేని బ్యాట్‌మ్యాన్‌కు కండ, తెలివి, చిన్ననాటి స్నేహితులే ఆస్తి. ఒక్కో పేజీలో డ్రగోటా ఆ భారీ ఒంటిని నిలబెట్టే తీరు చూడాలి. దీనికి గడువు ఉందో లేదో బయటికి తెలియలేదు. ఉంటే బాగుండు.

మా వాడికి నేనిచ్చింది మొదట ఆ పదకొండు పేజీలు, తర్వాత 2024 నాటి మొదటి సంచిక. రెండిటి మధ్య ఏమీ ఇవ్వలేదు. రెండూ ఒకే మధ్యాహ్నం చదివాడు. బాబాయి పోయిన పీటర్ ముఖాన్నీ, బిడ్డను ఎత్తుకున్న పీటర్ ముఖాన్నీ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశాడు. ఒక ముఖం ఇంకోదానిలోకి ఎలా వస్తుందో తన రికార్డు బుక్కు వెనక పేజీలో గీయడం మొదలుపెట్టాడు.

2034 జనవరి 1న అమెరికాలో 1938 నాటి సూపర్‌మ్యాన్ కథ మీద హక్కులు తీరిపోతాయి. మరుసటి ఏడు 1939 నాటి బ్యాట్‌మ్యాన్ కథ మీద. కంపెనీ గుర్తుల హక్కులు, తర్వాతి కాలంలో చేర్చినవి కంపెనీకే ఉంటాయి. ఆ తొలి సూపర్‌మ్యాన్, ఎగరడం రాని, ఫర్లాంగు దూకే సూపర్‌మ్యాన్ మాత్రం అందరివాడవుతాడు. ఎవరైనా కథ రాయవచ్చు, వయసు రానివ్వవచ్చు, చివరి పేజీ గీయవచ్చు. ఆ ఏటికి మా మేనల్లుడికి ఇరవై ఐదేళ్లు. కథ నేను మొదలుపెట్టాను.